బతికున్న మనిషి ఫొటోకి దండ

పోయిన వారం తస్లీమ్‌ని వీధి గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. చపాతీ పిండి అంటిన చేతుల్తో, జారిపోతున్న చున్నీని మోచేత్తో తలమీదకి నెట్టుకుంటూ అట్లాగే నిలబడి ఉంది పాపం. ఎదురుగా శేషగిరిరావు గారి జీపు. దాని వెనక మోటారు సైకిళ్ళు, వాటి మీద కోపంతో ఊగిపోతున్న కుర్రాళ్ళు. వాళ్ళలో ఇద్దరు జీపు వెనక నుంచి చుట్ట చుట్టిన ఫ్లెక్సీని దించి, అడగనైనా అడక్కుండా లోపలికి మోసుకొచ్చి, వసారా నిండా పరిచేశారు.

ఆ ఫ్లెక్సీ సంగతి మీకు తెలిసిందే. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. ఈ రోజు మా ఊరి పార్టీ నాయకుడు శేషగిరిరావు గారి పుట్టినరోజు. తెల్లారేసరికి గురజాల సెంటర్లో ఆయన ఫ్లెక్సీ లేచింది. పైన బంగారు అక్షరాలతో జన్మదిన శుభాకాంక్షలు. మధ్యలో ఆయన నవ్వు మొహం. కింద అనుచరుల మొహాలు, ఎవరి హోదాని బట్టి వాళ్ళవి పెద్దగానో చిన్నగానో. అంతవరకూ బ్రహ్మాండం. కానీ ఆ నవ్వు మొహం చుట్టూ ఉన్న ఫ్రేముకి పైనుంచి కిందిదాకా బంతిపూల దండ వేలాడుతోంది. ఫ్రేము ముందు దీపం వెలుగుతోంది. పోయినవాళ్ళ ఫొటోకి ఎట్లా పెడతారో అచ్చం అట్లాగే. దాన్ని మొదట చూసినవాడు తాగుతున్న టీ గ్లాసు అక్కడే కింద పెట్టేశాడట.

వేరే ఊళ్ళో అయితే నవ్వుకుని, దింపేసి, ఇంకోటి కట్టుకుంటారు. మా పల్నాట్లో అట్లా కుదరదు. ఇక్కడ ఏదీ పొరపాటున జరగదు, ఎవరో ఒకరు చేయిస్తేనే జరుగుతుంది. అట్లా అనుకోవడం మాకు అలవాటు. బతికున్న మనిషికి దండ వేశారంటే రేపు ఏం చెయ్యబోతున్నారో ముందే చాటింపు వేసినట్టు.

ఆ ఫ్లెక్సీ చేసింది మన తస్లీమే. మొన్నమొన్నటిదాకా ఆమె నరసరావుపేటలో కృష్ణయ్య గారి ఫ్లెక్సీ కొట్టులో డిజైనరు. మొదటి బస్సుకి వెళ్ళి చీకటి పడ్డాక ఇల్లు చేరేది. భర్త ఫిరోజ్ దాచేపల్లిలో సిమెంటు ఫ్యాక్టరీ ఫిట్టరు, అతనికి పగలేదో రాత్రేదో షిఫ్టు చెప్పాలి. కూతురు సాదియాని నిజానికి పెంచింది పక్కింటి మల్లీశ్వరి. ఒకసారి జ్వరంలో ఆ పిల్ల తల్లి చంకలో ఉండి కూడా "పెద్దమ్మా" అని మల్లీశ్వరి వైపు చేతులు చాచి ఏడ్చింది. ఆ చేతుల్ని తస్లీమ్ మర్చిపోలేకపోయింది. ఆ వారమే ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి, ముందు గదిలో కంప్యూటరు పెట్టుకుని సొంతంగా పని మొదలుపెట్టింది. డిజైను తను చేసి పంపిస్తే, ప్రింటు మాత్రం కృష్ణయ్య గారి మిషను మీదే. తనకి తనే ఒక కట్టుబాటు పెట్టుకుంది. నాలుగింటికి సాదియా బడి నుంచి వచ్చిందంటే కంప్యూటరు ఆగిపోవాలి. ఆ తర్వాత దేవుడే ఫోన్ చేసినా రేపు రమ్మనాలి.

"ఎవరి పేరే ఇది?"

అడిగింది తేజ. శేషగిరిరావు గారి మేనల్లుడు, ఫ్లెక్సీ ఆర్డరు చెప్పింది అతనే. బూటుకాలితో ఫ్లెక్సీ మూల చూపించాడు. అక్కడ చిన్న అక్షరాలతో 'తస్లీమ్ గ్రాఫిక్స్' అని ఉంది, పక్కన ఫోను నంబరు. ఆ అక్షరాలు మొదటిసారి సెంటర్లో చూసుకున్న రోజు తస్లీమ్ ఇంట్లో సేమ్యా చేసింది.

"నాదే," అంది.

"కాలితో చూపించమాకరా," అన్నారు శేషగిరిరావు గారి భార్య నాగేంద్రమ్మ గారు జీపు దిగుతూ. "మీ మామయ్య మొహం ఉంది దాని మీద."

శేషగిరిరావు గారు ఫ్లెక్సీ తొక్కకుండా అంచు వెంబడి నడిచి ముందు గదిలోకి వచ్చి, కంప్యూటరు ముందున్న కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నారు. ఆయన కేకలేసే మనిషి కాదు. కేకలేసేవాళ్ళతో అయితే తస్లీమ్‌కి భయం లేదు, కొట్టులో రోజూ చూసిందే. ఈయన మాట్లాడకుండా చూస్తుంటే మాత్రం భయం వేసింది.

గొడవ విని మల్లీశ్వరి పక్కింట్లోంచి వచ్చింది. చెంబుతో నీళ్ళు తెచ్చి నాగేంద్రమ్మ గారికి ఇచ్చింది. ఆవిడ చెంబు పట్టుకున్నారు గానీ తాగలేదు.

"పొద్దున్నే తలంటు పోసి, కొత్త పంచె కట్టించి కూర్చోబెట్టా అమ్మాయ్," అన్నారు ఆవిడ తస్లీమ్‌తో. "పోయినేడు గుండె ఆపరేషనయి బతికి బయటపడ్డ మనిషి. ఈ పుట్టినరోజు చూస్తానో లేదో అనుకున్నా. అప్పుడే ఎవరో ఫోన్లో ఈ బొమ్మ పెట్టారు. ఆయన నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అయినా నాకు ఆయన కనపడలా. ఈ దండే కనపడింది."

ఆ మాటకి తస్లీమ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతమందిలో తనని తిట్టకుండా తన బాధ చెప్పుకున్నది ఈవిడొక్కతే.

"పిన్నిగారూ, నా బిడ్డ మీద ఒట్టు, నేను కావాలని చెయ్యలేదు. ఎట్టా జరిగిందో నాకే తెలవట్లేదు."

"నేను చెప్తాగా ఎట్టా జరిగిందో," అన్నాడు తేజ. "పోయిన నెల నాగేశ్వరరావు వాళ్ళ నాన్న సంవత్సరీకానికి ఫ్లెక్సీ ఎవరు చేశారు?"

నాగేశ్వరరావు అంటే శేషగిరిరావు గారి పెదనాన్న కొడుకు. ఒకే ఇంటి పేరు, పక్కపక్క మిరప చేలు, ఎదురెదురు పార్టీలు. పంచాయతీ ఎన్నికల దగ్గర్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"నేనే చేశా," అంది తస్లీమ్.

"విన్నావా మామయ్యా? వాళ్ళదీ ఈవిడే చేస్తది, మనదీ ఈవిడే చేస్తది. ఆ ఫ్లెక్సీకి ఉన్నది ఇదే ఫ్రేమా, కాదా?"

"ఇదే."

"ఇదే దండ. ఇదే దీపం. వాళ్ళ నాన్నకేసిన దండ తీసుకొచ్చి మా మామయ్య మెళ్ళో ఏసింది! ఇంతకన్నా ఏం కావాల?"

బయట కుర్రాళ్ళు గుమ్మానికి అడ్డంగా దగ్గరికొచ్చారు. గదిలో వెలుతురు తగ్గింది. తస్లీమ్‌కి భయం పోయి ఒళ్ళు మండింది. మనిషన్నాక ఒకచోట మండాలి కదా.

"ఆ ఫ్రేము కావాలన్నది నువ్వు కాదా తేజా?" అంది. "సెంటర్లో నాగేశ్వరరావు గారి ఫ్లెక్సీ చూసి, అంతకంటే తక్కువుండకూడదు, అదే గోల్డ్ ఫ్రేము పెట్టమని ఫోన్ చేసింది ఎవరు? వద్దు, కొత్తది చేస్తానంటే టైం లేదన్నావ్. గుర్తులేదా?"

శేషగిరిరావు గారు మొదటిసారి తల తిప్పి మేనల్లుడి వైపు చూశారు. తేజ మొహం కందిపోయింది. కుర్రాళ్ళలో ఎవడో కిసుక్కుమన్నాడు, వెంటనే దగ్గాడు.

"ఫ్రేము అడిగానే, దండ అడిగానా?" అని అరిచాడు తేజ.

"అరవమాక," అన్నారు శేషగిరిరావు గారు. "అమ్మాయ్, నువ్వు చెప్పు. రెండు పార్టీలకీ ఎందుకు చేస్తన్నావ్?"

"ఇది నా పని బాబాయ్ గారూ. టైలరు ఏ పార్టీ వాళ్ళ చొక్కా అని అడుగుతాడా?"

"అడగడు. ఈ ఊళ్ళో టైలరు కూడా ఎవరో ఒకరి మనిషే, అందుకని అడగడు." ఆయన గొంతు పెంచలేదు. "నువ్వు ఎవరి మనిషివి?"

సరిగ్గా అప్పుడే తస్లీమ్ ఫోను మోగింది. బల్ల మీద ఉన్న ఫోను తేజ అందుకుని, పేరు చూసి, స్పీకరు నొక్కాడు. నరసరావుపేట నుంచి కృష్ణయ్య గారు.

"తస్లీమ్, వాళ్ళొచ్చారా? నువ్వేం మాట్లాడబాకమ్మా. శేషగిరిరావు గారున్నారా అక్కడ? నమస్కారమండీ. అయ్యా, ఆ పిల్ల నా చేతికింద పెరిగింది. నా మనిషే అనుకోండి. తప్పు నా కొట్టు మీదేసుకుంటా. ఇంకో రెండు గంటల్లో కొత్త ఫ్లెక్సీ, ఇంతకు రెండింతలు పెద్దది, నేనే తెచ్చి నేనే కట్టిస్తా. తస్లీమ్, నువ్వు రేపు మొదటి బస్సుకి కొట్టుకొచ్చెయ్. ఇంట్లో కూర్చుని చేసే పని కాదమ్మా ఇది, నీకు అప్పుడే చెప్పా."

కృష్ణయ్య గారిది కపటం కాదు. ఆయనకి తన కొట్టులో మంచి చెయ్యి కావాలి, ఈ పిల్ల మీద అభిమానమూ ఉంది. రెండూ కలిపి ఒక్క మాటలో అడిగారు. ఊ అంటే చాలు, ఈ గుమ్మంలోంచి ఈ జనమంతా వెళ్ళిపోతారు. రేపట్నుంచి మళ్ళీ మొదటి బస్సు. మళ్ళీ సాదియా నిద్రపోయాక ఇంటికి రావడం. తస్లీమ్‌కి కళ్ళముందు ఆ బస్సు కిటికీ, దానికున్న పగిలిన అద్దం కూడా కనపడింది.

"ఏమంటావ్?" అన్నారు శేషగిరిరావు గారు. "ఆయన మనిషివా?"

గదిలో అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. మల్లీశ్వరి అయితే 'ఊ అనవే తల్లీ' అని కళ్ళతోనే బతిమాలుతోంది.

"కాదు బాబాయ్ గారూ," అంది తస్లీమ్. "కృష్ణయ్య గారు నాకు పని నేర్పిన మనిషి, ఆయన మేలు మర్చిపోను. కానీ నేను ఎవరి మనిషినీ కాదు. నా పని నాది. తప్పు జరిగితే అదీ నాదే."

ఫోన్లో కృష్ణయ్య గారు "అయ్యో పిచ్చిపిల్లా" అనడం అందరికీ వినపడింది. తేజ ఫోను కట్ చేశాడు.

శేషగిరిరావు గారు తల ఎత్తి ఆమెని చూశారు. కోపమో, ఇంకేదో, ఆ మొహంలో పోల్చుకోవడం కష్టం. తర్వాత కుర్చీ పక్కకి జరుపుకున్నారు.

"తప్పు నీదే అయితే ఎట్టా జరిగిందో నా కళ్ళతో చూస్తా. ఇందులో తెరువు."

తస్లీమ్ చేతులు పైటకి తుడుచుకుందామని చూసి, పైట లేదని గుర్తొచ్చి, చున్నీకి తుడుచుకుని నిలబడే కంప్యూటరు ముందు వంగింది. నిన్నటి ఫైలు తెరిచింది. తెరమీద శేషగిరిరావు గారి నవ్వు మొహం పడగానే నాగేంద్రమ్మ గారు చూపు తిప్పుకున్నారు.

"ఇందులో ఒక్కో బొమ్మా ఒక్కో పొర బాబాయ్ గారూ. మీ ఫొటో ఒక పొర, ఫ్రేము ఒక పొర, దండ ఒకటి, దీపం ఒకటి. ప్రతిదానికీ పక్కన చూడండి, చిన్న కన్ను బొమ్మ ఉంది. కన్ను మూస్తే ఆ పొర కనపడదు. పాత ఫ్లెక్సీ మీదే మీది చేశా కాబట్టి దండ కన్నూ, దీపం కన్నూ, కన్నీటి నివాళి అని రాసిన కన్నూ మూసేశా. మొత్తానికి తీసెయ్యాల్సింది. మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తదని తీసెయ్యలా. మూసింది మాత్రం నిజం. మూసి చూసుకున్నా కూడా. ఇదిగో..."

మాట అక్కడే ఆగిపోయింది. కన్నీటి నివాళి కన్ను మూసే ఉంది. దండ కన్ను తెరిచి ఉంది. దీపం కన్ను తెరిచి ఉంది.

వాటికవి తెరుచుకోవు. ఎవరో వచ్చి ఇక్కడ కూర్చుని, ఆ రెంటినే ఏరి తెరిచారు. ఎవరు? ఫిరోజ్ నిన్నంతా షిఫ్టులో ఉన్నాడు. మల్లీశ్వరి అక్కకి కంప్యూటరు అంటే కరెంటు కొడుతుందని భయం. తస్లీమ్ చెయ్యి మౌసు మీదే ఉంది. ఆ చేతిని చూసుకుంటుంటే నిన్నటి సాయంత్రం మొత్తం ఒక్కసారి గుర్తొచ్చింది.

నిన్న నాలుగు దాటాక తేజ ఫోన్ చేశాడు. కొత్తగా పార్టీలో చేరిన ఎవడిదో మొహం కింద మూలన ఇరికించాలి, ఇప్పుడే, లేకపోతే మామయ్య పరువు పోతుందన్నాడు. ఒక్కసారికి ఏమవుతుందిలే అని తస్లీమ్ తన కట్టుబాటు తనే మీరి కంప్యూటరు తెరిచింది. సాదియా మూతి ముడుచుకుని పక్కన నిలబడింది. ఇంతలో మసీదు నుంచి సాయంత్రం అజాన్ వినపడింది. నమాజుకి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి తేజ మళ్ళీ ఫోన్లో కేకలు. గబగబా ఆ మూలనే పెద్దది చేసుకుని, మొహం అతికించి, మొత్తం బొమ్మ ఎట్లా ఉందో చూడకుండా పంపేసింది. ఆ హడావుడిలో ఒకటి చేసింది. మౌసు కీబోర్డుకి ఎడమవైపు ఉంటే, కుడివైపుకి మార్చుకుంది. ఎందుకు అటు వెళ్ళిందని కూడా అనుకోలేదు.

ఈ ఇంట్లో ఎడమచేతి వాటం ఒక్కళ్ళకే ఉంది. ఆ ఒక్కళ్ళు రెండో తరగతి చదువుతున్నారు. "కన్ను మూయి, కన్ను తెరువు" అని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆట నేర్పింది తస్లీమే.

వసారాలో చూస్తే కుర్రాళ్ళు. వీళ్ళ ముందు సాదియా పేరు ఎట్లా తెస్తుంది? పిల్ల మీద నెట్టేస్తోందని ఒకడంటాడు. పిల్లకి ఎవరు నేర్పారో అడగమని ఇంకొకడంటాడు. రేపు బడికి వెళ్తే దారిపొడుగునా వేలెత్తి చూపిస్తారు.

"ఏందమ్మాయ్, ఆగిపోయావ్?" అన్నారు శేషగిరిరావు గారు.

"నేనే, బాబాయ్ గారూ," అంది తస్లీమ్. "మూయడం మర్చిపోయా. నేనే మర్చిపోయా."

"ఇప్పుడేగా మూశానన్నావ్?" తేజ ముందుకొచ్చాడు. "మూసి చూసుకున్నానని కూడా అన్నావ్. క్షణంలో మాట మారిందే? ఏదో గుర్తొచ్చింది ఈవిడకి. మామయ్యా, ఈవిడ మొహం చూడు. ఎవర్నో దాస్తంది!"

దాస్తోందన్నది నిజమే కావడంతో తస్లీమ్ మొహం ఇంకా పాలిపోయింది. అబద్ధం చెప్పడం చేతకాని వాళ్ళకి ఇదే ఖర్మ.

"ఎవరు చేయించారో చెప్పు," అన్నారు శేషగిరిరావు గారు. ఇప్పటిదాకా ఆ గొంతులో ఉన్న మెత్తదనం పోయింది. "నాగేశ్వరరావేనా?"

"కాదు. ఆయనకేం సంబంధం లేదు. నేనే."

"చూశావా, ఎట్టా ఎనకేసుకొస్తందో," అన్నాడు తేజ. "ఇంకేం అడుగుతావ్ మామయ్యా? నే చూసుకుంటా."

శేషగిరిరావు గారు వద్దనలేదు. వద్దనకపోవడమంటే మా వైపు ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. తేజ వసారాలో పరిచిన ఫ్లెక్సీ మీదుగానే తొక్కుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. మోటారు సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి స్టార్టయ్యాయి. వీధిలో దుమ్ము లేచి గుమ్మందాకా వచ్చింది.

"ఏవండీ, వాణ్ణి ఆపండి," అన్నారు నాగేంద్రమ్మ గారు.

ఆయన తెరమీదున్న దండనే చూస్తూ కూర్చున్నారు.

ఆ దుమ్ములోంచే సాదియా వచ్చింది. ఒక భుజానికి బ్యాగు, మెళ్ళో నీళ్ళ సీసా, జడ ఒకటి ఊడిపోయి ఉంది. మల్లీశ్వరి గబుక్కున ఎదురెళ్ళి, "దా తల్లీ, మా ఇంట్లో కూర్చుందాం దా" అని చెయ్యి పట్టుకోబోయింది. పిల్ల తప్పించుకుంది. దాని చూపంతా కింద పరిచిన ఫ్లెక్సీ మీదే ఉంది. దాని మీద బూటు గుర్తులు పడి ఉన్నాయి.

"ఎవరు తొక్కారు?" అంది. "అమ్మీ, నువ్వు చేసిందాన్ని ఎవరు తొక్కారు? నేనేసిన దండ కూడా చినిగిపోయింది!"

తస్లీమ్ ఒక్క అంగలో వెళ్ళి పిల్ల నోరు మూయబోయింది. కానీ అప్పటికే నాగేంద్రమ్మ గారు చేతిలో చెంబు మల్లీశ్వరికి ఇచ్చేసి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. పిల్లకి సరిగ్గా ఎదురుగా.

"నువ్వేశావా అమ్మా దండ?"

"ఊ. దీపం కూడా నేనే ఎలిగిచ్చా."

"ఎందుకేశావ్ తల్లీ? ఎవరన్నా ఎయ్యమన్నారా?"

సాదియా ఆవిడ వైపు వింతగా చూసింది. పెద్దవాళ్ళకి ఇంత మాత్రం తెలియదా అన్నట్టు.

"పుట్టినరోజని రాసుంది కదా? పుట్టినరోజుకి ఫొటోకి దండెయ్యాలిగా. మా బళ్ళో గాంధీతాత పుట్టినరోజుకి సారు దండేసి దీపం పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. అంబేద్కర్ తాతక్కూడా ఏశాం. అమ్మీ ఈ తాతకి ఏసిన దండని మూసేసింది. మర్చిపోయిందేమో అనుకుని నేను తెరిచా."

తస్లీమ్ గోడకి ఆనుకుంది. తమ ఇంట్లో గోడలకి మనుషుల ఫొటోలే ఉండవు. పోయిన తాతకీ అమ్మమ్మకీ ఫాతిహా ప్రార్థన చదువుతారు గానీ ఫొటోకి దండ వెయ్యరు. పోయినవాళ్ళ ఫొటోకే దండ వేస్తారని ఈ పిల్లకి ఎవరు చెప్పారు గనక? తను చెప్పిందా? దండలూ దీపాలూ అతికించి తెల్లారిలేస్తే ఎంతమంది పోయినవాళ్ళనో ఫ్లెక్సీకెక్కించింది, కూతురికి మాత్రం ఆ ఒక్క ముక్క చెప్పడానికి తీరిక దొరకలేదు.

నాగేంద్రమ్మ గారి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారని మల్లీశ్వరి కంగారుపడింది. ఏడుపూ నవ్వూ రెండూ ఒకేసారి వచ్చేశాయి ఆవిడకి. సాదియాని దగ్గరికి లాక్కుని తల మీద ముద్దు పెట్టుకున్నారు.

"గాంధీతాతతో సమానం చేసిందండీ మిమ్మల్ని," అన్నారు భర్తతో, కళ్ళు తుడుచుకుంటూ. "పొద్దుట్నించీ నా ప్రాణం పోయింది. చూశారా ఎంత పని చేసిందో!"

శేషగిరిరావు గారు కుర్చీలోంచి లేచారు. పిల్ల దగ్గరికి వచ్చి, ఏం చెయ్యాలో తోచనట్టు నిలబడి, దాని ఊడిన జడ చేత్తో పట్టుకుని వదిలేశారు.

"ముందే ఎందుకు చెప్పలా?" అని తస్లీమ్‌ని అడిగారు.

"నాకూ ఇప్పుడే తెలిసింది బాబాయ్ గారూ. కానీ వాళ్ళందరి ముందు బిడ్డ పేరు చెప్పలేకపోయా. చెప్పినా నమ్మేవాళ్ళా?"

ఆయనకి ఒక్కసారిగా ఏదో గుర్తొచ్చి జేబులోంచి ఫోను తీశారు. తేజ నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నారు. మోగుతోంది. ఎత్తలేదు. మళ్ళీ చేశారు. ఇంకోడికి చేశారు. వాడూ ఎత్తలేదు. ఆయన గుమ్మానికీ కుర్చీకీ మధ్య తిరగడం తస్లీమ్ చూసింది. ఇందాక తనకి అంత భయం పుట్టించిన మనిషి ఈయనేనా అనిపించింది.

ఇంతలో ఆయన ఫోనే మోగింది. అవతల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. మాచర్ల రోడ్డు, ఎరువుల కొట్టు, షట్టరు అన్న మాటలు మాత్రం బయటికి వినపడ్డాయి. మాచర్ల రోడ్డులో ఉన్నది నాగేశ్వరరావు ఎరువుల కొట్టు.

"నేనొచ్చేదాకా ఎవర్నీ చెయ్యి ఎత్తనివ్వబాక," అని ఫోనులో అరిచారు శేషగిరిరావు గారు. అరవని మనిషి అరిచేసరికి సాదియా బెదిరి తల్లి దగ్గరికి పరిగెత్తింది. ఆయన తస్లీమ్ వైపు తిరిగారు. "అమ్మాయ్, పాపని తీసుకుని జీపెక్కు. ఇప్పుడు చెప్పిన మాట పాప అక్కడ వాళ్ళ ముందు చెప్పాల. నా మాట నాగేశ్వరరావు నమ్మడు. నీ మాట తేజ నమ్మడు. పిల్ల మాట ఇద్దరూ నమ్ముతారు."

"రాళ్ళు విసురుకునేచోటికి పసిదాన్ని తీసుకెళ్తారా?" అంది మల్లీశ్వరి.

తస్లీమ్ కూతురి తల మీద చెయ్యి వేసి నిలబడింది. తను చెప్పిన అబద్ధమే ఆ కుర్రాళ్ళ చేతికి రాళ్ళిచ్చింది. కాదనడానికి లేదు. నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో తెలియదు గానీ, చెప్పకపోవడం వల్ల ఏమయిందో అందరికీ కనపడుతూనే ఉంది. అక్కడ ఏ తల పగిలినా ఆ పాపంలో తనకీ వాటా ఉంటుంది.

"పాప రాదు బాబాయ్ గారూ," అంది. "నేనొస్తా."

"నీ మాట వాడు నమ్మడంటే..."

"నమ్మేదాకా చెప్తా. ఇందాక అబద్ధం చెప్పింది నేను. నిజం కూడా నేనే చెప్పాల."

వాదించే టైము లేదు. డ్రైవరు అప్పటికే జీపు స్టార్టు చేశాడు. నాగేంద్రమ్మ గారు వెనక ఎక్కి తస్లీమ్‌కి చోటు జరిగారు. తస్లీమ్ చెప్పులు వెతుక్కుని, ఒక కాలు జీపు మెట్టు మీద పెట్టింది.

"అమ్మీ," అని పిలిచింది సాదియా గుమ్మంలోంచి. "నాలుగైందిగా. ఇప్పుడు నా టైం కదా?"

తస్లీమ్ వెనక్కి తిరిగింది. ఏం చెప్పాలి? ఇప్పుడే వస్తానని చెప్పాలా? ఆ మాట కొట్టులో పనిచేసిన రోజుల్లో ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. మల్లీశ్వరి వచ్చి పిల్లని ఎత్తుకుంది. మల్లీశ్వరి చంకలో ఉండి సాదియా, తల్లి కోసం రెండు చేతులూ చాచింది.

ఏ చేతుల కోసం ఉద్యోగం మానేసిందో ఆ చేతుల్ని చూస్తూనే తస్లీమ్ జీపెక్కింది. నాగేంద్రమ్మ గారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. జీపు సందు దాటి మాచర్ల రోడ్డెక్కేసరికి, ఎరువుల కొట్టు వైపు నుంచి జనం ఎదురుగా పరిగెత్తుకొస్తున్నారు. అందరికంటే ముందు పరిగెత్తుతున్నవాడి చొక్కా మీద నెత్తురుంది.